ఐదుసార్లు ఇల్లు వదిలిన చిన్న కొడుకు

నేను బడికి వెళ్ళింది రెండో తరగతి సగం వరకే. అక్షరాలు నాతో స్నేహం చెయ్యలేదు, నేనూ వాటి వెంట పడలేదు. కాని చెవిన పడ్డది ఏదైనా సరే, మేకు కొట్టినట్టు బుర్రలో ఉండిపోతుంది. యాభై ఏళ్ళ కిందట నేను గిన్నెలు తోమిన ఇంట్లో ఒక టీచరమ్మ ఉండేది. ఒక రోజు వంటింటి గట్టు మీద కూర్చుని, చేతిలో కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, ఒక తండ్రీ ఇద్దరు కొడుకుల కథ చెప్పింది నాకు. యేసయ్య చెప్పిన కథ. ఆవిడ కప్పుకి పిడి విరిగిపోతే దారం చుట్టుకుంది. ఎర్ర దారం. అదీ గుర్తే. కథ అయ్యేసరికి నా చేతుల మీద సబ్బు నురగ ఎండిపోయింది. ఆ ఎండిపోయిన చేతులతోనే నేను ప్రభువును నమ్ముకున్నాను. మోకాళ్ళూనడానికి కూడా చోటు లేదు, కింద అంతా గిన్నెలే.

అప్పటినుంచీ ఆ కథ నా నోట్లోనే కాపురం పెట్టింది. మా చర్చిలో ఏటా పిల్లల ఆదివారం అని ఒకటి చేస్తారు. ఆ రోజు పెద్దలందరూ వెనక బల్లల మీద, పిల్లలందరూ ముందు చాపల మీద. మధ్యలో కుర్చీ వేసుకుని నేను. నలభై ఒక్క ఏళ్ళుగా ఆ రోజు ఆ కథ నాదే. నా దగ్గర విన్న పిల్లలు పెళ్ళిళ్ళై, వాళ్ళ పిల్లల్ని తెచ్చి అదే చాప మీద కూర్చోబెట్టారు. అందుకే నాకు కథల మామ్మ అని పేరు.

అంత వైభవం నాలుగు పళ్ళతో పోయింది. మిగిలిన ఆ నాలుగూ కదిలిపోతే డాక్టరమ్మ పీకేసింది. చిగుళ్ళు మానడానికి మూడు నెలలు ఆగమంది. ఈలోగా ఒక ఆదివారం పిల్లలకు చిన్న కథేదో చెప్పబోయాను. నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. పిల్లలు కాసేపు మర్యాదగా చూశారు, తర్వాత నా మూతి ఎలా తిరుగుతోందో చూసి నవ్వు ఆపుకోలేక చాప మీద దొర్లారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి మాత్రం తలుపేసుకున్నాను.

పాస్టరుగారు పాపం మంచివారు. మెల్లగా వచ్చి అన్నారు. "మామ్మగారూ, ఈసారి ఆ కథ తెర మీద బొమ్మలతో చూపిద్దామనుకుంటున్నాం. మీరు ముందు బల్ల మీద మహారాణిలా కూర్చోండి."

"తెరకి ఎన్ని పళ్ళున్నాయి అయ్యగారూ?" అన్నాను. ఆయనకు సగమే అర్థమైనట్టుంది. పక్కనున్న మా మనవరాలు విప్పి చెప్పింది.

ఆయన నవ్వి, "సరే, ఆ రోజుకి మీకు పళ్ళు వస్తే కథ మీది. రాకపోతే తెరది" అన్నారు.

అదీ ఒప్పందం. పిల్లల ఆదివారం ఇంకా నెల రోజుల్లో ఉంది. నాకు కట్టుడు పళ్ళు కావాలి.

మా మనవరాలి సంగతి చెప్పాలి. నన్ను ఎక్కడికి తీసుకెళ్ళినా ముందు ప్రమాణం చేయించుకునే పిల్ల అది. దానికి కారణం లేకపోలేదు. ఒకసారి బస్సులో కండక్టరుకి ప్రభువు సంగతి చెప్తూ చెప్తూ మేము దిగాల్సిన చోటు దాటి ఆరు స్టాపులు పోయాం. ఆయన కూడా ఈల ఊదడం మర్చిపోయాడు, తప్పు నా ఒక్కదానిదీ కాదు.

"అమ్మమ్మా, అది ఆసుపత్రి. అక్కడ ప్రసంగాలు పెట్టకు. ఒట్టు వెయ్యి."

"ఒట్టు వెయ్యొద్దన్నాడే యేసయ్య. అవునంటే అవును."

"అయితే అవును అను."

అన్నాను. ఏం చేస్తాను.

ఆ మాట నిలబెట్టుకోవడం మొదటి రోజు సులువే అయింది. డాక్టరమ్మ ఒక రేకు గిన్నె నిండా మెత్తటి ముద్ద కలిపి నా పై దవడకి అదిమిపెట్టి, "కదలకండి, మాట్లాడకండి, ముక్కుతో గాలి పీల్చండి" అంది. మా మనవరాలు ఫోను తీసి గడియారం చూసుకుంది. "నాలుగు నిమిషాలు! అమ్మమ్మ మెలకువగా ఉండి నాలుగు నిమిషాలు మాట్లాడలేదు! అమ్మకి చెప్పాలి!" అని ఎగిరి గంతేసింది. కింది దవడకి ఇంకో నాలుగు. దాని ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

నోరు మూతపడితే కళ్ళు తెరుచుకుంటాయి నాకు. వెనక గదికి ఒక చిన్న కిటికీ ఉంది. అందులోంచి చూస్తే అరల నిండా తెల్లటి పిండితో పోసిన దవడలు. ఒక్కో దవడ కింద ఒక్కో చీటీ. ఊళ్ళో నోళ్ళన్నీ అక్కడే వరసగా పెట్టినట్టుంది, ఒక్కటీ మాట్లాడదు. వాటి మధ్య ఒక నలభై ఏళ్ళ మనిషి. తల మీదా, మీసాల మీదా, చేతుల మీదా అదే తెల్లపిండి. దీపం మీద చిన్న కత్తి వేడి చేసి మైనం మీద గీస్తున్నాడు. ముఖంలో నవ్వన్నది ఎప్పుడో ఎండిపోయినట్టుంది.

"ఆయనే మా పళ్ళ మేస్త్రి" అంది డాక్టరమ్మ. "మాట విని పళ్ళు సరిచేయడంలో అంత చెవి ఉన్నవాడు లేడు. పెద్దగా మాట్లాడడు మాత్రం."

దేవుడా, మాట్లాడని మనిషి! నాలుక దురద పెట్టింది. నోట్లో ముద్ద ఉంది. అవునన్న మాట కూడా ఉంది.

ఆ తర్వాత మైనం దిమ్మలు పెట్టి కొలతలు తీసుకున్నారు, అదొక రోజు. ఇంకో వారం పోయాక మైనం పళ్ళ రోజు వచ్చింది. అంటే పళ్ళు నిజమైనవే, చిగురు మాత్రం మైనంది. అవి నోట్లో పెట్టి మాట్లాడించి, ఎక్కడ గాలి పోతోందో, ఎక్కడ నాలుక తగులుతోందో చూసి సరిచేసుకుంటే, తర్వాత మైనం తీసేసి గట్టి చిగురు పోస్తారట. ఆ రోజు మంగళవారం. పిల్లల ఆదివారం ఆ వారమే. మనవరాలు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఏదో కొనుక్కొస్తానని వెళ్ళింది.

పళ్ళ మేస్త్రి పళ్ళు నా నోట్లో అమర్చి, అట్ట ముక్క ఒకటి చేతికిచ్చాడు. "ఇది పైకి చదవండి."

అట్ట ముక్కని అటు తిప్పాను, ఇటు తిప్పాను. "నాకు చదువు రాదు బాబూ."

ఆయన అట్ట ముక్క వెనక్కి తీసుకున్నాడు. "అయితే ఏదో ఒకటి చెప్పండి. నోటికొచ్చింది. కాస్త పొడుగ్గా ఉండాలి. అన్ని అక్షరాలూ రావాలి."

నేను పైకి చూశాను. నిజంగా చెప్తున్నాను, కప్పుకేసి చూసి, ప్రభువా, అడిగింది ఆయనే, నేను కాదు అనుకున్నాను.

"అనగనగా ఒక తండ్రి. ఆయనకి ఇద్దరు కొడుకులు. చిన్నోడు ఒక రోజు వచ్చి, నాన్నా, ఆస్తిలో నా వాటా నాకిచ్చెయ్ అని పుచ్చుకుని ఇల్లు వదిలాడు..."

"ఆగండి" అన్నాడు. "స దగ్గర ఈల వేస్తోంది." పళ్ళు బయటికి తీశాడు. వేడి కత్తితో ముందు పన్ను ఒకదాన్ని వెంట్రుకవాసి లోపలికి నొక్కాడు. మళ్ళీ పెట్టాడు. "మొదట్నుంచి."

మొదట్నుంచి చెప్పాను. చిన్నోడు వాటా తీసుకుని దూరదేశం పోయాడు. స్నేహితులతో...

"ఆగండి. ఫ రావడం లేదు. పై పెదవి ఎత్తండి. మొదట్నుంచి."

మూడోసారి చిన్నోడు పందులు మేపే దాకా వచ్చాడు. నాలుగోసారి పందుల మేతకేసి ఆశగా చూశాడు. ఐదోసారి, "నాకు బుద్ధి వచ్చింది, మా నాన్న దగ్గరికి పోతాను" అని లేచి నిలబడ్డాడు. అంతే, "ఆగండి, కింద కుడి పక్క ఎత్తుగా ఉంది" అన్నాడు మేస్త్రి. ఆ చిన్న కొడుకు ఆ రోజు ఐదుసార్లు ఇల్లు వదిలాడు, ఒక్కసారీ తిరిగి చేరలేదు. నలభై ఒక్క ఏళ్ళలో ఆ పిల్లాణ్ణి అంత కష్టపెట్టింది లేదు.

ఆరోసారికి పళ్ళు నా నోట్లో పెట్టి, "ఊ" అనబోయాడో లేదో, ఆయన జేబులో ఫోను మోగింది. తీసి చూసి, మొహం మాడ్చుకుని, వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. గొంతు మాత్రం వినిపిస్తూనే ఉంది.

"వద్దు నాన్నా. చెప్పాగా. వాడు ఆ బల్ల దగ్గర కూర్చున్నంత కాలం నేను ఆ ఇంట్లో కాలు పెట్టను."

సరిగ్గా అప్పుడే మా మనవరాలు ఊడిపడింది. "అయిపోయిందా అమ్మమ్మా? పద పద, బస్సు టైమైంది!" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. నా మనసంతా ఆ మాట మీదే ఉంది. ఎవరా వాడు? ఏ బల్ల? ఆలోచిస్తూనే మెట్లు దిగాను, వీధి దాటాను, బస్టాపులో బెంచీ మీద కూలబడ్డాను. మనవరాలు టీ తెచ్చి చేతికిచ్చింది. పొగలు కక్కే టీ. ఊదుకుని ఒక్క గుక్క తాగాను.

నా ముందు పళ్ళు నడక మొదలుపెట్టాయి.

ఒకటి బుగ్గకేసి పోయింది. ఒకటి నాలుక కిందికి దిగింది. మిగిలినవి ఎటు పోవాలో తేల్చుకోలేక గుంపుగా జరుగుతున్నాయి. నేను కళ్ళు తేలేశాను. మనవరాలు నా మొహం చూసి, "అమ్మమ్మా, ఏమైంది? నీ నోట్లో ఏముంది?" అని కేక పెట్టింది. ఏముందని చెప్పను! మైనం పళ్ళు పెట్టుకుని వేడి టీ తాగిన మనిషి ఈ భూమ్మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను.

అప్పుడు వీధి చివర్నుంచి వినపడింది. "మామ్మగారూ! మింగకండి! మింగకండీ!"

చూద్దును కదా, పళ్ళ మేస్త్రి! నడుముకు గుడ్డ అలాగే ఉంది, చేతిలో కత్తి అలాగే ఉంది. మనిషి పరుగెడుతుంటే ఒంటిమీది తెల్లపిండి మేఘంలా లేస్తోంది. దారిన పోయేవాళ్ళు పక్కకు తప్పుకుంటున్నారు. కత్తి పట్టుకుని ముసలిదాని వెంట పడ్డాడనుకున్నారేమో, ఇద్దరు ముగ్గురు ఆయన వెంట కూడా పరుగెత్తుకొచ్చారు. వచ్చి, రొప్పుతూ, నా ముందు దోసిలి పట్టాడు. నేను అందులోకి పళ్ళన్నీ ఊసేశాను.

ఆయన దోసిట్లోకి చూశాడు. పదిరోజుల పని. ఏ పన్ను ఏ దిక్కు చూస్తోందో ఆ దేవుడికే తెలియాలి. అయిపోయింది, ఇక తెరే మహారాణి.

ఆయన పెదవి వణికింది. ఏడుస్తాడనుకున్నాను. ముందు ముక్కుతో ఒక శబ్దం వచ్చింది, తర్వాత భుజాలు ఊగాయి, తర్వాత ఆ మనిషి బెంచీ మీద నా పక్కనే కూలబడి పగలబడి నవ్వాడు. "టీ తాగారా? టీ? మైనంతో టీ?" మనవరాలు మొదలుపెట్టింది. నేను మొదలుపెట్టాను. వెంట వచ్చిన వాళ్ళు ఎందుకో తెలియకుండానే మొదలుపెట్టారు. బస్సు వచ్చి మమ్మల్ని చూసి వెళ్ళిపోయింది.

నవ్వు కాస్త తగ్గాక అన్నాను. "అలాగే పరుగెత్తాడు నాయనా ఆ తండ్రి."

నా నోట్లో ఒక్క పన్ను లేదు. మనవరాలు విప్పి చెప్పబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. "నాకు అర్థమవుతుంది. పళ్ళు లేని నోళ్ళ దగ్గరే కదా నా బతుకంతా. ఏ తండ్రి?"

"నువ్వు ఐదుసార్లు ఆపావే, ఆ కథలో తండ్రి. చిన్నోడు ఇంకా చాలా దూరంలో ఉండగానే చూశాడు. వయసు మళ్ళినవాడు, నలుగురిలో పరువున్నవాడు. ఎవరేమనుకుంటారో అని చూడలేదు, నీలాగే పరుగెత్తాడు. వాడు క్షమించమని నోరు తెరిచేలోపే మెడ కౌగిలించుకున్నాడు. పందుల వాసన కొడుతున్నా ముద్దు పెట్టుకున్నాడు. కొత్త బట్టలు, వేలికి ఉంగరం, కాళ్ళకి చెప్పులు, పాటలు, విందు. మన దేవుడు అలాంటివాడని చెప్పడానికే యేసయ్య ఆ కథ చెప్పాడు బాబూ. ఇది ప్రసంగం కాదే" అని మనవరాలికేసి చూశాను. "బస్టాపు ఆసుపత్రి కిందికి రాదు."



మేస్త్రి నవ్వు ఆగిపోయింది. దోసిట్లో పళ్ళని చూస్తూ, "పెద్దోడు ఎక్కడున్నాడు?" అన్నాడు.

"ఏ పెద్దోడు?"

"ఇద్దరు కొడుకులన్నారుగా."

పిల్లలకు విందు దగ్గరే ఆపేస్తాను నేను. విందు అనగానే వాళ్ళకు ఆకలేస్తుంది, బిస్కెట్లు పంచేస్తాం. పెద్దోడి దాకా ఎప్పుడూ పోలేదు. టీచరమ్మ చెప్పింది మాత్రం గుర్తుంది.

"పొలంలో ఉన్నాడు. పాటలు విని, సంగతి తెలుసుకుని, కోపంతో బయటే నిలబడ్డాడు. ఇన్నేళ్ళు నీ మాట జవదాటలేదు, నాకు ఏనాడైనా విందు చేశావా అన్నాడు. తండ్రి బయటికొచ్చి, లోపలికి రారా అని బతిమాలుకున్నాడు."

"ఆ ప్రశ్న నేనూ అడిగాను" అన్నాడు మేస్త్రి మెల్లగా. "మా నాన్న దగ్గరే నేర్చుకున్నాం ఈ పని, నేనూ మా తమ్ముడూ. వాడు చెప్పాపెట్టకుండా ఎనిమిదేళ్ళు ఎక్కడికో పోయాడు. ఆ ఎనిమిదేళ్ళూ బల్ల దగ్గర నేనొక్కణ్ణే. నిరుడు వాడు వచ్చాడు. వచ్చిన రోజే నాన్న వాణ్ణి నా పక్కన కూర్చోబెట్టి, వాడి పాత కత్తి తుడిచి చేతికిచ్చాడు. దాచిపెట్టాడన్నమాట ఇన్నాళ్ళూ. నేను నా పనిముట్లు మూటగట్టుకుని వచ్చేశాను." నాకేసి తిరిగాడు. "వెళ్ళాడా మామ్మగారూ? పెద్దోడు. లోపలికి వెళ్ళాడా?"

ఎర్ర దారం గుర్తున్న నాకు ఆ ముక్క గుర్తు రాలేదు. తల కొట్టేసినట్టయింది.

"అడిగి చెప్తాను" అన్నాను.

ఆ సాయంత్రం మనవరాలి చేత బైబిలు తీయించి ఆ భాగం మూడుసార్లు చదివించుకున్నాను. మూడుసార్లూ తండ్రి బయట నిలబడి మాట్లాడుతుండగానే అయిపోయింది. "పేజీ ఊడిందేమో చూడవే" అన్నాను. "ఊడలేదమ్మమ్మా." నమ్మకం కలక్క పాస్టరుగారి ఇంటికి పోయాను. ఆయన నవ్వారు. "అంతే మామ్మగారూ. పెద్దోడు ఏం చేశాడో యేసయ్య చెప్పలేదు."

నలభై ఒక్క ఏళ్ళుగా నేను చెప్తున్న కథకి చివర లేదని నాకు ఆ రోజు తెలిసింది. ఇంటికి నడుస్తూ ఎందుకో గాల్లో తేలిపోతున్నట్టు ఉంది నాకు. కొత్త కథ దొరికినట్టుంది.

గురువారం మళ్ళీ వెళ్ళాను. పళ్ళ మేస్త్రి రెండు రోజుల్లో మైనం మీద పళ్ళన్నీ మళ్ళీ కూర్చాడు. కళ్ళు చూస్తే నిద్ర పోయినట్టు లేవు. పళ్ళు పెట్టాడు. అట్ట ముక్క ఇవ్వలేదు.

చెప్పాను. ఈసారి ఒక్కచోటా ఆపలేదు. చిన్నోడు వెళ్ళాడు, పడ్డాడు, లేచాడు, తండ్రి పరుగెత్తాడు, విందు జరిగింది. పెద్దోడు గుమ్మం బయట నిలబడ్డాడు.

"వెళ్ళాడా?"

"రాయలేదు బాబూ. తండ్రి ఇంకా బయటే నిలబడి ఉన్నాడు, చెయ్యి చాపి. ఆ తండ్రి కోపంగా ఉన్నవాడి కోసం కూడా బయటికొచ్చాడు, అది మాత్రం రాసి ఉంది. దేవుడూ అలాగే నీ కోసం బయటికొచ్చాడు, యేసయ్యగా. సిలువ దాకా వచ్చాడు. అంతకంటే నాకు తెలీదు."

ఆయన పళ్ళు తీసి బల్ల మీద పెట్టి, వాటికేసే చూస్తూ అన్నాడు. "ఇప్పుడు అచ్చు పొయ్యాలి, మైనం కరిగించాలి, చిగురు ముద్ద పోసి ఉడికించాలి, అరగదియ్యాలి, మెరుగు పెట్టాలి. నా రెండు చేతులతో ఆదివారానికి అవదు. నాలుగు చేతులుంటే అవుతుంది. ఈ పని తెలిసిన ఇంకో రెండు చేతులు ఎక్కడున్నాయో మీకు తెలుసు."

తెలుసు. నాకు నోరూరింది, అబద్ధమెందుకు. తమ్ముడి దగ్గరికి పో నాయనా, దేవుడు చెప్తున్నాడు అని ఒక్క మాట అంటే చాలు. నా కుర్చీ, నా చాప, నా పిల్లలు. నాలుక చివరిదాకా వచ్చింది. చేత్తో మూతి మూసుకున్నాను.

"నా పళ్ళ కోసం ఆ గడప తొక్కకు" అన్నాను. "ఆదివారం పోతే పోనీ, తెర ఉంది. నువ్వు పళ్ళ కోసం వెళ్ళావని మీ నాన్నకి తెలిస్తే ఆయన మనసు చివుక్కుమంటుంది. వెళ్తే ఆయన కోసం వెళ్ళు."

ఇంటికొచ్చాక ప్రార్థన చేశాను. ప్రభువా, ఆ పిల్లవాణ్ణి ఇంటికి చేర్చు, నాకు పళ్ళు ముఖ్యం కాదు అన్నాను. ఆమేన్ అనేసి, లేవబోయి, మళ్ళీ మోకాళ్ళూని, కాని కుదిరితే చూడు అన్నాను. మనవరాలు తలుపు చాటునుంచి కిసుక్కుమంది.

శుక్రవారం కబురు లేదు. శనివారం లేదు.

ఆదివారం తెర కట్టారు. నేను ముందు బల్ల మీద, మూతికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని. మహారాణి ఇలాగే కూర్చుంటుందేమో. చాప మీద పిల్లలు నాకేసి చూసి, "మామ్మా, నువ్వు చెప్పవా?" అని సైగలు చేస్తున్నారు. దీపాలు ఆర్పారు. తెర మీద ఒక తండ్రి బొమ్మ వచ్చింది, మరీ కుర్రవాడిలా ఉన్నాడు, నాకు నచ్చలేదు.

అప్పుడు గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. తల తిప్పాను. తెల్లపిండి మీసాలు! చేతిలో చిన్న డబ్బా పైకెత్తి చూపిస్తున్నాడు. రమ్మని చెయ్యూపాను. తల అడ్డంగా ఊపాడు. ఇలాంటి చోట్లకి రాడట, జన్మలో అడుగుపెట్టలేదట, తర్వాత చెప్పాడు. మీరే రండి అన్నట్టు సైగ చేశాడు.

నేను నిలబడ్డాను. కథలో తండ్రి ఏం చేశాడు? బయటికి వెళ్ళాడు. నేనూ మోకాళ్ళ నొప్పులు లెక్కచెయ్యకుండా బల్లల మధ్యనుంచి పరుగులాంటిది పెట్టాను.

బయట మెట్ల మీద నన్ను కూర్చోబెట్టి, డబ్బా తెరిచి, గులాబీ రంగు చిగుళ్ళతో ధగధగలాడే పళ్ళు నా నోట్లో పెట్టాడు. "కరవండి. వదలండి. చెప్పండి."

"అనగనగా ఒక తండ్రి..."

నా గొంతు! మూడు నెలల తర్వాత నా గొంతు! ఆ ఒక్క ముక్క లోపలికి వినపడింది కాబోలు, చాప మీదనుంచి ఒక పిల్ల లేచి వచ్చింది. దాని వెనక ఇద్దరు. "మామ్మ మాట్లాడుతోందిరోయ్!" అని ఎవరో అరిచారు. ఇక చూడాలి, గేటు తెరిచిన గొర్రెల్లా అందరూ మెట్ల మీదికి ఉరికారు. వెనక పెద్దవాళ్ళు. ఆఖరున పాస్టరుగారు కూడా. లోపల తెర ఖాళీ బల్లలకి కథ చెప్పుకుంటోంది.

"ఆస్తిలో నా వాటా..."

"ఆగండి!" అన్నాడు మేస్త్రి. జేబులోంచి చిన్న ఆకురాయి తీశాడు. పిల్లలందరి ముందూ పళ్ళు బయటికొచ్చాయి, వాళ్ళు ఆనందంతో కేకలు పెట్టారు. తెర ఎన్నడూ అలాంటిది చూపించలేదు.

"పైన, ముందు పన్ను వెనక, అన్నయ్యా" అంది గుంపులోంచి ఒక గొంతు.

"నాకు తెలుసులేరా" అన్నాడు మేస్త్రి, తలెత్తకుండా. కాని అక్కడే గీశాడు.

చూస్తే, వాడికీ మీసాల మీద అదే పిండి. పక్కన ఒక ముసలాయన. ఆయన కథ వినడం లేదు, ఇద్దరు కొడుకుల్నీ మార్చి మార్చి చూసుకుంటున్నాడు. ఆ చూపు నేను ఇంతకుముందు మాటల్లోనే చెప్పాను, చూడలేదు.

కథ సాగింది. ఆ రోజు చిన్నోడు ఒక్కసారే వెళ్ళి, ఒక్కసారే వచ్చాడు. విందు దగ్గర పిల్లలు బిస్కెట్ల కోసం చూస్తుంటే, "ఉండండి, ఇంకా ఉంది" అన్నాను. నలభై రెండో ఏట మొదటిసారి పెద్దోడి గురించి చెప్పాను. వాడు కోపంగా బయట నిలబడ్డాడు, తండ్రి వచ్చి బతిమాలాడు, అని ఆపేశాను.

ముందు వరసలో ఒక పిల్ల లేచింది. "వెళ్ళాడా మామ్మా? లోపలికి వెళ్ళాడా?"

రాయలేదమ్మా అని చెప్పబోయాను.

"వెళ్ళాడు" అన్నాడు మేస్త్రి ఆకురాయి తుడుచుకుంటూ. "గురువారం సాయంత్రం వెళ్ళి భోంచేశాడు. పళ్ళ సంగతి శుక్రవారం పొద్దున గాని ఎత్తలేదు."

పిల్లలకు ఏమీ అర్థం కాలేదు, అయినా చప్పట్లు కొట్టారు. ముసలాయన ముక్కు చీదుకున్నాడు. పాస్టరుగారు బిస్కెట్ల డబ్బా మెట్ల మీదికే తెప్పించారు. పిల్లలు లోపలికి పోతూ పోతూ అన్నదమ్ముల్ని చెరో చెయ్యీ పట్టుకుని లాక్కుపోయారు. పళ్ళ మేస్త్రి గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, కాళ్ళకి అంటిన పిండి దులుపుకుని, లోపలికి వెళ్ళాడు.

కొత్త పళ్ళు కదా, చిగుళ్ళు ఒరుసుకుంటాయి, నాలుగుసార్లు వచ్చి సరిచేయించుకోమన్నాడు. నాలుగుసార్లంటే నాలుగు కథలు. తప్పిపోయిన గొర్రె, గుడ్డివాడు, చెట్టెక్కిన పొట్టివాడు, ఖాళీ సమాధి. ఈసారి మనవరాలు ప్రమాణం అడగలేదు, తనూ కుర్చీ లాక్కుని వింది. నిజం చెప్పాలంటే మూడోసారికే పళ్ళు వెన్నలా కుదిరిపోయాయి. అయినా ఐదోసారి కూడా వెళ్ళి, ఇక్కడెక్కడో నొప్పిగా ఉంది బాబూ అని బుగ్గ పట్టుకున్నాను.

మేస్త్రి ఆకురాయి తియ్యలేదు. వెనక గదిలో ఇప్పుడు రెండో బల్ల కూడా పడింది; అటు తిరిగి, "తమ్ముడూ, దీపం ఆర్పి రారా" అని పిలిచాడు. వాడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఇద్దరూ నా ఎదుట స్టూళ్ళు వేసుకున్నారు.

"నొప్పేమీ లేదని తెలుసు మామ్మగారూ" అన్నాడు. "మొదట్నుంచి చెప్పండి."